అరగంట తేడా

సెయింట్ జాన్స్ ఆసుపత్రి నేలమాళిగలో,
నీటిగొట్టాల కింద నా బల్ల.
నాలుగు ఊళ్ళ తీగలు కలిపే పెట్టె, పక్కన ఒక రికార్డరు.
కొట్టివేతలతో రాసుకుంటాను:
హోప్‌డేల్ – ఇద్దరు నర్సులు, ఒకటే రిసీవరు, చెవులు పంచుకుంటారు.
మకోవిక్ – గాలి హోరు. గట్టిగా మాట్లాడమనాలి.
కార్ట్‌రైట్ – ఫోను చర్చి గదిలో. ఆ పూట పాటల సాధన లేదు కదా?
నెయిన్ – బెనిగ్నా. కొత్త పిల్ల.
అన్నిటికీ కింద, రెండుసార్లు గీత గీసి:
మాకు రెండు గంటలంటే మీకు ఒకటిన్నర.

ఉన్నది ఒకే రాష్ట్రం.
మధ్యన సముద్రపు పాయ చాలదన్నట్టు
గడియారాలు కూడా అరగంట ఎడంగా నడుస్తాయి.

ఆ నెల పాఠం: పుట్టిన బిడ్డకు కామెర్లు.
లేత పసుపు నుంచి ముదురు దాకా పన్నెండు ఫొటోలు
కవర్లలో పెట్టి పది రోజుల ముందే పంపాను.
గూస్ బేలో పొగమంచు. దిగిన విమానం మళ్ళీ లేవలేదు.
సంచీ అక్కడే. ఫొటోలు అక్కడే.
రెండుసార్లు గీత గీసిన అరగంటా అక్కడే.

డాక్టర్ హెఫర్నన్‌కు చేతులాడకపోతే మాట రాదు.
"ఇదిగో, ఇక్కడిదాకా వస్తే" అని
తన రొమ్ము మీద గీత గీసి చూపిస్తాడు, ఫోనుకు.
నేను అట్టముక్క ఎత్తి పట్టుకుంటాను: చోటు పేరు చెప్పండి.
సర్దుకుంటాడు: బొడ్డు. మోకాలు. అరికాలు.

మరి రంగు?
"వెన్న," అన్నాడు.
ఏ వెన్న, అని మకోవిక్. మాకొచ్చేది డబ్బాలో, తెల్లగా ఉంటుంది.
"పోనీ, నిమ్మకాయ."
కార్ట్‌రైట్ నవ్వింది. ఓడ వచ్చే నెలల్లోనే ఆ ముచ్చట.
అప్పుడు హోప్‌డేల్ పెద్దావిడ సిప్పోరా అందుకుంది:
చిత్తడినేలలో చిన్న పండు ఉంటుంది చూడండి,
పచ్చిగా ఉంటే ఎర్రన, మాగితే తేనెరంగు.
ఆ మాగిన రంగు తొడల మీద కనబడిందా, నేనిక ఆగను, విమానం అడుగుతాను.
డాక్టరు పెన్ను తీసి అది రాసుకున్నాడు.

మూడింటికి అందరూ సెలవు పుచ్చుకున్నారు.
నేను టీ కోసం మెట్లెక్కాను.
రికార్డరు ఆపలేదు. మరిచాను, అంతే.

గురువారం నకళ్ళు తీస్తూ విన్నాను:
క్లిక్కులు. ఒకటి, రెండు, మూడు.
ఆ తర్వాత తీగలో ఇసుక రాలుతున్న చప్పుడు,
దాని వెనక ఎక్కడో కెటిల్ కూత.
అప్పుడొక గొంతు, సవరించుకుని:
"ఎవరైనా ఉన్నారా?
నేను ఆలస్యంగా వచ్చాను. మొదటి సగం వినలేదు.
ఇక్కడ మూడు దాటితే దీపమే.
దీపం కింద బిడ్డలందరూ పసుపే. నా చేతులూ పసుపే.
ఏ వెలుగులో చూడాలి?"
ఇసుక. కెటిల్‌ను ఎవరో దించారు.
"ఎవరైనా ఉన్నారా?"
క్లిక్.

ఆ టీలో చక్కెర ఎక్కువైందని విసుక్కున్నాను, గుర్తుంది.

నెయిన్ కలిసేసరికి సాయంత్రం.
"అదా," అంది బెనిగ్నా. "మర్నాడు మధ్యాహ్నం
తల్లీ నేనూ బిడ్డను గుమ్మందాకా తెచ్చాం.
మంచు మీంచి లేచే వెలుగులో
ముక్కు మీద వేలు నొక్కి తీశాను. పసుపే.
విమానం పిలిచాను. ఇప్పుడు మీ దగ్గరే ఉన్నారుగా,
మూడో అంతస్తులో. మీరు చూడలేదా?"

చూడలేదు. వెళ్ళాను.
గాజుపెట్టెలో, కళ్ళకు గంత కట్టుకుని,
నీలిదీపం కింద కాళ్ళు తన్నుకుంటున్నాడు.
ఆ వెలుగులో వాడిది ఏ రంగో నన్నడిగితే చెప్పలేను.

టేపు చివర మిగిలిన నిశ్శబ్దం
కత్తిరించి పంపాలని మా ఆఫీసు నియమం.
ఈసారి కత్తిరించలేదు.

మూడు వారాలకు హోప్‌డేల్ నుంచి ఉత్తరం,
రెండు చేతిరాతలు, ఒకే కాగితం:
టేపు అందింది. చివర్లో ఎవరో అడుగుతున్నారు.
ఉన్నామమ్మా, అన్నాం ఇద్దరం, గట్టిగానే.
ఆ అమ్మాయికి వినపడి ఉండదు.
మీరు కాస్త చెప్పండి.